నాన్నగారు పొలం అమ్మి ఇచ్చే డబ్బును కెనడా దరఖాస్తులో నిధుల రుజువుగా చూపవచ్చునా?

మీరు అడిగినవి మూడు విషయాలు. అనంతపురం దగ్గరి పొలం అమ్మి మీ నాన్నగారు ఇవ్వబోయే డబ్బును ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (నిపుణులైన ఉద్యోగులు కెనడా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే విధానం) నిధుల రుజువుగా, అంటే అక్కడ స్థిరపడడానికి సరిపడే సొమ్ము ఉందనే ఆధారంగా చూపవచ్చునా, అది ఆరు నెలలు ఖాతాలో నిలిచి ఉండాలా, భార్యను, పాపను తరువాత తీసుకువెళ్లేట్లయితే ఒక్కరికి సరిపడే మొత్తం చాలునా అని. నేను కడపవాణ్ణి. అందులోని ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ విభాగంలో, మా నాన్నగారు ఇచ్చిన డబ్బుతోనే దరఖాస్తు చేసి శాశ్వత నివాసం పొందాను కనుక తెలిసినంత వివరంగా చెబుతాను.

చివరి ప్రశ్నకు జవాబు చిన్నది: చాలదు. భార్యాబిడ్డలు మీతో వచ్చినా రాకపోయినా కుటుంబ సభ్యుల లెక్కలోకి వస్తారు. 2025 జూలైలో సవరించిన పట్టిక ప్రకారం ఒక్కరికి 15,263 కెనడా డాలర్లు, ముగ్గురికి 23,360 డాలర్లు చూపాలి. ఈ అంకెలను ఏటా మారుస్తారు, రూపాయి మారకపు రేటు కూడా నిలకడగా ఉండదు, కాబట్టి కొంత మిగులు పెట్టుకోవడం మంచిది. ఇంకొక సంగతి, ఉమ్మడి ఖాతాలోని సొమ్మును లెక్కలో వేసుకునే వీలు భార్య మీతో కలిసి వస్తున్నప్పుడే ఉంది. ఆమెను తరువాత పిలిపించుకునే ఆలోచన ఉంటే మొత్తం మీ పేరనే ఉంచుకోండి.

ఆరు నెలల మాట చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటున్నారు. డబ్బు ఆరు నెలల పాతదై ఉండాలని నియమం లేదు. బ్యాంకు ఇచ్చే లేఖలో గత ఆరు నెలల సగటు నిల్వ రాసి ఉండాలన్నదే నియమం. నిన్న మొన్న పెద్ద మొత్తం వచ్చి పడితే ఇప్పటి నిల్వకూ ఆ సగటుకూ పొంతన కుదరదు, అప్పుడు ఈ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. దానికి కాగితం మీద జవాబు ఉండాలి.

మన ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పొలం నిజంగా అమ్ముడుపోయిన ధర ఒకటి, దస్తావేజులో రాయించే ధర మరొకటి, మిగిలినది నగదు రూపంలో చేతులు మారుతుంది. దస్తావేజులో తొమ్మిది లక్షలు కనిపిస్తూ నాన్నగారి ఖాతా నుంచి మీకు పద్దెనిమిది లక్షలు వస్తే, ఆ దస్తావేజు సగానికే సాక్ష్యం చెబుతుంది. మీ పొలం అమ్మకం ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి, అసలు ధరనే దస్తావేజులో రాయించి, మొత్తం సొమ్మును నాన్నగారి ఖాతాకు బ్యాంకు ద్వారానే రప్పించుకోమని గట్టిగా చెబుతున్నాను. స్టాంపు ఖర్చు పెరుగుతుందని కొనేవారు గొణిగినా ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దు.

ఆ తరువాత నాన్నగారి నుంచి గిఫ్ట్ డీడ్ (డబ్బును బహుమతిగా ఇస్తున్నట్టు రాసే పత్రం) రాయించుకోండి. మా నాన్నగారు స్టాంపు కాగితం మీద, తిరిగి చెల్లించవలసిన పని లేకుండా ఇస్తున్నానని స్పష్టంగా రాసి నోటరీ ముందు సంతకం చేశారు. ఆ వాక్యం లేకపోతే అది అప్పులా కనిపిస్తుంది, అప్పు తెచ్చిన డబ్బును కెనడా అధికారులు ఒప్పుకోరు. తండ్రి కొడుక్కి ఇచ్చే సొమ్ము మీద మన దగ్గర ఆదాయపు పన్ను ఉండదు. పొలం అమ్మకపు దస్తావేజు తెలుగులో ఉంటుంది కాబట్టి దాని ఆంగ్ల అనువాదం, అనువాదకుని ప్రమాణపత్రం జతచేయాలి. దస్తావేజులో ఇంటిపేరు పొడి అక్షరంగానూ పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉంటే, రెండు పేర్లూ ఒక్కరివేనని ఒక అఫిడవిట్ కూడా పెట్టండి.

బ్యాంకు లేఖకు ఓపిక కావాలి. మా బ్రాంచిలో మొదట తమ మామూలు బ్యాలెన్స్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. అందులో ఆనాటి నిల్వ తప్ప మరేమీ లేదు. కెనడా ప్రభుత్వ నిబంధన అచ్చు తీసి మేనేజరు బల్ల మీద పెట్టి ఒక్కొక్క అంశం చూపించాను: ఖాతా సంఖ్య, తెరిచిన తేదీ, ఇప్పటి నిల్వ, ఆరు నెలల సగటు, క్రెడిట్ కార్డుతో సహా ఉన్న అప్పులు, బ్రాంచి చిరునామా, ఫోను, ఈమెయిలు. సగటు నిల్వ వారి కంప్యూటరులో నేరుగా రాకపోవడంతో గుమాస్తా నెలవారీ నిల్వలు తీసి లెక్క కట్టి ఇచ్చారు. ఆయన చూపిన శ్రద్ధకు నేటికీ కృతజ్ఞుణ్ణి. అప్పుల వరుసను వదిలేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అప్పు లేకపోయినా లేదని రాయించండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసుకోవచ్చని బ్యాంకు రాసిచ్చింది కాబట్టి నేను చూపించాను. పీఎఫ్ చేతికి రాలేదు కాబట్టి చూపలేదు. ఇల్లు, స్థలం విలువ పనికిరాదు. బంగారం తాకట్టు పెట్టి తెచ్చినదీ అప్పే. కొంత రుసుము తీసుకుని కొద్ది రోజులు ఖాతాలో డబ్బు వేసి చూపిస్తామనే ఏజెంట్ల జోలికి అసలు పోకండి. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఐదేళ్లపాటు కెనడా తలుపు మూసుకుపోతుంది. పైగా ఈ నిధులు దరఖాస్తు నాటికే కాదు, వీసా చేతికి వచ్చే నాటికీ ఉండాలి.

శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోమని కెనడా నుంచి ఆహ్వానం వచ్చాక, దరఖాస్తు పంపడానికి 60 రోజులే గడువు ఉంటుంది. దస్తావేజు అనువాదం, గిఫ్ట్ డీడ్, అఫిడవిట్ ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. బ్యాంకు లేఖను మాత్రం, నిల్వ తాజాగా కనిపించేలా, ఆహ్వానం అందిన తరువాతే తీసుకోండి.