పాత ఎలక్ట్రిక్ కారుకి పెద్ద బ్యాటరీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాది 2013 మోడల్ నిస్సాన్ లీఫ్, 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బ్యాటరీ ఆరోగ్యం చూపించే 12 గీతల్లో ఇప్పుడు 7 మిగిలాయి, 60 కిలోమీటర్లు దాటితే టెన్షన్ మొదలవుతుంది. మోటారు, బాడీ, ఏసీ అన్నీ బాగున్నాయి. కొత్త బ్యాటరీ వేయిద్దామంటే ఈ కారు అమ్మినా అంత డబ్బు రాదు. యాక్సిడెంట్ అయిన కొత్త మోడల్ లీఫ్ నుంచి 40 కిలోవాట్ అవర్ బ్యాటరీ తీసి నా కారుకి బిగిస్తానని ఒక మెకానిక్ అంటున్నాడు. ఇది నిజంగా అయ్యే పనేనా? అడ్వాన్సు ఇవ్వమంటారా?

జవాబు: పని అవుతుంది. నేను నా కారుకి ఇలాగే చేయించుకున్నాను, హాయిగా తిరుగుతున్నాను. అడ్వాన్సు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి, ముందు ఆ బ్యాటరీని చూడాలి. (కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే కాబట్టి ఇకమీదట యూనిట్లు అనే రాస్తాను.)

అసలు ఎలా కుదురుతుందో చెబుతాను. మీ 24 యూనిట్ల బ్యాటరీలో 192 సెల్స్ ఉంటాయి. రెండేసి చొప్పున జత కట్టి, ఆ 96 జతల్ని వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపారు. 40 యూనిట్లదాంట్లోనూ అవే 192 సెల్స్, అవే 96 జతలు, ఒక్కో సెల్ ఎక్కువ కరెంటు దాచుకుంటుంది, అంతే తేడా. 62 యూనిట్లదాంట్లో 288 సెల్స్ ఉంటాయి, అక్కడ మూడేసి కలిపారు, అయినా వరస 96 దగ్గరే ఆగింది. వరసలో సంఖ్య మారలేదు కాబట్టి వోల్టేజ్ కూడా మారదు, మూడింటికీ సుమారు 350 నుంచి 400 వోల్టుల మధ్యే ఉంటుంది, అందువల్ల మీ మోటారు, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి సరిపడేలా మార్చేది), చార్జర్ దేన్నీ మార్చక్కర్లేదు. ట్యాంకు ఎత్తు పెంచకుండా వెడల్పు పెంచితే కుళాయిలో నీళ్ల ఒత్తిడి మారదు కదా, ఇదీ అలాంటిదే. ఈ లెక్క రెనో జోయీకి (22 నుంచి 41 యూనిట్లు), బీఎండబ్ల్యూ ఐ3కి (22 నుంచి 33 లేదా 42) కూడా వర్తిస్తుంది, వాటిలోనూ వరస 96 జతలో, 96 సెల్సో. వేరే కంపెనీ కారు బ్యాటరీ తెచ్చి ఇందులో పెడతానంటే మాత్రం వద్దనే చెప్పండి.

వోల్టేజ్ కలిసినంత మాత్రాన కారు ఒప్పుకోదు. బ్యాటరీలో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది, అది కారు కంప్యూటర్‌కి ఎప్పటికప్పుడు తన సంగతులు చెబుతూ ఉంటుంది. కొత్త మోడల్ బ్యాటరీ చెప్పే తీరు పాత కారుకి అర్థం కాదు. ఆ రెండింటి మధ్య వైర్లలో అగ్గిపెట్టె అంత సర్క్యూట్ ఒకటి పెడతారు, క్యాన్ బ్రిడ్జ్ అంటారు, అది అటు మాట ఇటు, ఇటు మాట అటు మార్చి చెబుతుంది. మీ మెకానిక్‌ని మొట్టమొదట అడగాల్సింది దీని గురించే. ఏ బ్రిడ్జ్ పెడుతున్నాడు, నా మోడల్ కారుకి ఇంతకుముందు పెట్టాడా, అది చెడిపోతే ఎవరు చూస్తారు? తడబడితే ఆ పని అతనితో చేయించకండి. డబ్బంతా ఇచ్చేముందు ఇంటి చార్జింగ్, ఫాస్ట్ చార్జింగ్ రెండూ మీ కళ్ల ముందు పనిచేయాలి. రేంజ్ మీటర్ పాత లెక్కే చూపిస్తుంటే పని సగంలో ఉన్నట్టే.

ఇక బ్యాటరీ ఎంపిక. మీ డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే చిన్న ఓబీడీ రీడర్ ఒకటి, ఫోన్‌లో లీఫ్ స్పై యాప్ ఉంటే చాలు, 96 జతల వోల్టేజ్ 96 గీతలుగా కనిపిస్తుంది. బ్యాటరీ ఇంకా ఆ యాక్సిడెంట్ కారులో ఉండగానే, కారు ఆన్ అయ్యే స్థితిలో ఉంటే, వెళ్లి చూడండి. చూసేటప్పుడు చార్జ్ ఎంత ఉందన్నది చాలా ముఖ్యం. నిండా చార్జ్ ఉన్నప్పుడు నీరసపడిన సెల్ కూడా మిగతావాటితో సమానంగా నిలబడుతుంది. నేను చూసిన మొదటి బ్యాటరీ 90 శాతం చార్జ్ మీద ఉంది, గీతలన్నీ స్కేలు పెట్టి కోసినట్టు సమానంగా ఉన్నాయి, అమ్మే అతను ఇంకేం కావాలన్నట్టు నా వైపు చూశాడు. ఏసీ, హీటర్ ఆన్ చేసి 15 శాతానికి దించే దాకా కూర్చుంటానన్నాను. సాయంత్రానికి 95 గీతలు కాస్త అటూ ఇటుగా అలాగే ఉన్నాయి, ఒక్కటి మాత్రం మిగతావాటి కంటే 150 మిల్లీవోల్టులు కిందికి జారిపోయింది. నాలుగుసార్లు చార్జ్ చేస్తే సర్దుకుంటుందన్నాడు. కెపాసిటీ పోయిన సెల్ చార్జింగ్‌తో సర్దుకోదు, వరసలో ఒక్క జత ఖాళీ అయితే మిగతా 95 జతల్లో కరెంటు ఉన్నా కారు ఆగాల్సిందే. దండం పెట్టి వచ్చేశాను.

బ్యాటరీ ఆరోగ్యం ఇన్ని శాతం అని యాప్ చూపించే అంకెని ఒక్కదాన్నే నమ్ముకోకండి. దాన్ని రీసెట్ చేసే పరికరాలున్నాయి. పాత బ్యాటరీకి కూడా గీతలు 12కి వచ్చి కూర్చుంటాయి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ ఒక్కొక్కటే రాలిపోతాయి. అబద్ధం చెప్పనిది కరెంటు మీటరే. 20 శాతం నుంచి 100 దాకా చార్జ్ చేసి, గోడ దగ్గర ఎన్ని యూనిట్లు తాగిందో రాసుకోండి. 40 యూనిట్ల బ్యాటరీ 90 శాతం ఆరోగ్యంతో ఉంటే, చార్జర్‌లో పోయే వేడి కూడా కలుపుకుని సుమారు 30 యూనిట్లు లాగాలి. 24 దగ్గరే ఆగిపోయిందంటే ఆ బ్యాటరీ మీకు చెప్పినంత బాగా లేదు.

వరద నీళ్లలో మునిగిన కారు బ్యాటరీ ఎంత చవకగా వచ్చినా వద్దు. కనెక్టర్ విప్పించి లోపల టార్చి వేసి చూడండి, పిన్నుల మీద పచ్చగా గానీ తెల్లగా గానీ పొడి కనిపిస్తే తేమ చేరినట్టే. కింద రేకు సొట్ట పోయినదీ వద్దు.

62 యూనిట్లది పెడితే ఇంకా మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. నా సలహా 40 దగ్గరే ఆగమని. 24, 40 రెండూ దాదాపు ఒకే బరువు, 300 కిలోలకు అటూ ఇటూ, అవే బోల్టు రంధ్రాల్లో కూర్చుంటాయి. 62ది ఇంకో 100 కిలోలకు పైగా ఎక్కువ, మందం కూడా ఎక్కువ, కింద స్పేసర్లు, పొడుగు బోల్టులు పెట్టాలి, కారు నేలకి దగ్గరవుతుంది, వెనక స్ప్రింగులు కూడా మార్చాల్సి వస్తుంది. చవకగా అవుతుందని మొదలుపెట్టిన పని అక్కడితో చవక కాకుండా పోతుంది.

ప్రశ్న: అన్ని సెల్స్ ఎందుకు, పాడైన మాడ్యూల్స్ (కొన్ని సెల్స్ కలిపి కట్టిన డబ్బాలు) మాత్రం మార్చుకుంటే ఇంకా తక్కువలో అయిపోదా?

జవాబు: కొత్తగా ఉన్న బ్యాటరీలో ఒకటో రెండో తయారీ లోపంతో పోతే అది మంచి పద్ధతే. పదేళ్లు దాటిన బ్యాటరీలో కాదు. ఈ రోజు 3 మార్చితే, వచ్చే ఏడు దాని పక్కవి పడిపోతాయి, ప్రతిసారీ ప్యాక్ (మొత్తం బ్యాటరీ) దించే కూలి మీదే. పెట్టే మాడ్యూల్ వోల్టేజ్ మిగతావాటితో ముందే సమానం చేయాలి కూడా, ఎందుకంటే బ్యాటరీ లోపల సెల్స్ వోల్టేజ్‌ని సమానం చేసే ఏర్పాటు చాలా నెమ్మది. గీతలు 7కి పడిపోయిన బ్యాటరీ మీద ఆ డబ్బు పెట్టొద్దు.

ప్రశ్న: నాకు ఎలక్ట్రికల్ పని వచ్చు. మా తమ్ముడూ నేనూ కలిసి జాకీలు పెట్టి దించేసుకుంటే కూలి మిగులుతుంది కదండీ?

జవాబు: తమ్ముడూ, దయచేసి వద్దు. ఇంటి వైరింగ్ వచ్చినంత మాత్రాన ఇది రాదు. ఇది 400 వోల్టుల దాకా ఉండే డీసీ, తగిలితే ప్రాణానికే ముప్పు. నా కారుకి చేసిన మెకానిక్ ముందు 12 వోల్టుల బ్యాటరీ తీశాడు, తర్వాత వెనక సీటు ముందు కార్పెట్ ఎత్తి, మూత విప్పి, నారింజ రంగు ప్లగ్ లాగి తన జేబులోనే పెట్టుకున్నాడు, పొరపాటున కూడా ఎవరూ తిరిగి పెట్టకుండా. పది నిమిషాలకు పైగా కదల్లేదు, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగాలి కదా. ఆ తర్వాత 1000 వోల్టుల గ్లౌజులు వేసుకుని, మీటర్ పెట్టి సున్నా చూసుకుని, అప్పుడు గానీ కేబుల్ ముట్టుకోలేదు. ఆ ప్లగ్ తీసినా ప్యాక్ రెండు ముక్కలుగా విడిపోతుంది తప్ప చచ్చిపోదు, ఒక్కో సగంలో 200 వోల్టుల దాకా అలాగే ఉంటుంది. పైగా 300 కిలోల బరువు, జాకీ మీద ఒరిగితే ఇద్దరు పట్టుకుంటే ఆగేది కాదు. కూలి మిగలాలంటే వేరే దారి ఉంది, కింది ప్రశ్న చూడండి.

ప్రశ్న: తీసేసిన పాత బ్యాటరీని మెకానిక్‌కే వదిలేయాలా? కొత్తది చార్జ్ అవడానికి ఎంతసేపు పడుతుంది?

జవాబు: వదిలేయకండి. బేరం మొదట్లోనే పాతదాని ధర ఇంత అని మొత్తంలోంచి తగ్గించి కాగితం మీద రాయించుకోండి. 60 శాతం మిగిలిన బ్యాటరీ కారుకి చాలదు గానీ, సోలార్ కరెంటు దాచుకోవడానికి బాగా పనికొస్తుంది. అందులోని 48 మాడ్యూల్స్‌ని విడివిడిగా కొనేవాళ్లు ఉంటారు. చాలామంది దీన్ని పట్టించుకోరు, నా ఖర్చు అందుబాటులోకి వచ్చింది మాత్రం దీనివల్లే.

చార్జింగ్ విషయానికి వస్తే, మీ కారులో ఉన్నది 3.3 కిలోవాట్ల చార్జరైతే ఖాళీ నుంచి నిండడానికి 12, 13 గంటలు పడుతుంది, 6.6ది అయితే అందులో సగం. రోజూ ఖాళీ చేయం కాబట్టి రాత్రి పెట్టి పొద్దున తీస్తే సరిపోతుంది. ఫాస్ట్ చార్జింగ్ దగ్గర జాగ్రత్త. లీఫ్ బ్యాటరీకి నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు లేదు, 40 యూనిట్లదానికీ లేదు. ఎండల్లో దూరం వెళుతూ వెంటవెంటనే రెండుసార్లు ఫాస్ట్ చార్జ్ చేస్తే ఉష్ణోగ్రత మీటర్ ఎరుపు వైపు వెళుతుంది. అప్పుడు కారుని నీడన ఆపి కాసేపు వదిలేయండి, మీటర్ దిగాక బయల్దేరండి.