సున్నం వేసిన గోడ మీద నేరుగా ఎమల్షన్ పెయింట్ వేయొచ్చా?

వేయకూడదు, రాలే సున్నాన్ని గీకేసి ఒక కోటు ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) పట్టించాకే ఎమల్షన్ వేయాలి. ఎందుకంటే పాత సున్నం పైపొర పొడిపొడిగా ఉంటుంది, ఎమల్షనేమో ఆరాక పల్చటి ప్లాస్టిక్ పొరలా బిగుసుకుంటుంది, అది పట్టుకునేది గోడని కాదు, ఆ పొడిని. పొడి ఊడితే రంగూ ఊడుతుంది. అరచేత్తో గోడని రుద్ది చూడండి, తెల్లగా అంటుకుంటే గోడ ఇంకా సిద్ధంగా లేనట్టే.

ఉదాహరణకి, అలా నేరుగా రంగేసిన గోడకి పిల్లలు బొమ్మల స్టిక్కర్ అంటించి నాలుగు రోజులయ్యాక లాగితే, దాంతోపాటే అరచేయంత రంగు పెచ్చు లేచొస్తుంది, తిప్పి చూస్తే వెనకంతా సున్నప్పొడే.

చాలామంది ప్రైమర్ డబ్బులు మిగుల్చుకుని ఇంకో కోటు రంగేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. పైన ఎన్ని కోట్లేసినా అడుగున పట్టు పెరగదు. ప్రైమర్ అయితే లోపలికి ఇంకి మిగిలిన పొడిని గట్టిపరుస్తుంది, గోడ రంగు తాగేయకుండా ఆపుతుంది కాబట్టి ఖరీదైన ఎమల్షనే తక్కువ పడుతుంది. గీకడానికి రేకు పట్టీ, శాండ్ పేపర్ చాలు, తర్వాత తడిగుడ్డతో దుమ్ము తుడిచి బాగా ఆరనివ్వండి. చెమ్మ ఊరే గోడైతే మాత్రం ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి, దాన్ని ప్రైమర్ ఆపలేదు.