వెండర్స్ వైద్యవిద్య మానేశారు, నిజమే. ఆ తరువాత ఏం చేశారు?

ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మానేసి సినిమా దర్శకుడిని అవుతానంటున్నాడు. జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ కూడా డాక్టరు చదువు మధ్యలో వదిలేసినవారేనని వాదిస్తున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. వెండర్స్ 1945లో డ్యూసెల్‌డార్ఫ్‌లో పుట్టారు. తండ్రి సర్జన్. 1963లో ఫ్రైబర్గ్‌లో వైద్యవిద్యలో చేరి, ఏడాదికే తత్వశాస్త్రానికి మారారు. అదీ పూర్తి చేయలేదు. చిత్రకారుడిని అవుదామని 1966లో పారిస్ వెళ్లారు. అక్కడి ఫిల్మ్ స్కూల్ ప్రవేశ పరీక్ష రాస్తే సీటు రాలేదు. ఇంతవరకు వింటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది.

మీవాడు ఇక్కడి నుంచి ఒక్క గెంతులో 1984కు, 'పారిస్, టెక్సస్' చిత్రానికి కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చిన రోజుకు చేరిపోతున్నాడు. మధ్యలోని ఏళ్లే నేను అతని చేత చదివించాలనుకుంటున్నాను. పారిస్‌లో వెండర్స్ ఒక చిత్రకారుడి స్టూడియోలో లోహపు రేకుల మీద బొమ్మలు చెక్కే పని చేశారు. గదిలో చలి. పాత సినిమాలను భద్రపరిచి ప్రదర్శించే సినిమాతెక్‌లో వెచ్చగా ఉండేది, టికెట్టు చవక. ఒక్కో రోజు ఐదేసి సినిమాలు చూసేవారు. ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా నోట్సు రాసుకునేవారు. ఆ రాతే తరువాత ఆయనను విమర్శకుడిని చేసింది. 1967లో జర్మనీకి తిరిగివచ్చి అమెరికన్ సినిమా సంస్థ యునైటెడ్ ఆర్టిస్ట్స్ పంపిణీ కార్యాలయంలో కొంతకాలం ఉద్యోగం చేశారు. ఆ ఏడాదే మ్యూనిక్‌లో కొత్తగా తెరిచిన ఫిల్మ్ స్కూల్ మొదటి బ్యాచ్‌లో చేరారు. అంటే ఆయన చదువు మానలేదు, మార్చుకున్నారు. మూడేళ్లు అక్కడ చదువుతూ పత్రికలకు సమీక్షలు రాశారు.

మరో ప్రసిద్ధ జర్మన్ దర్శకుడు ఫాస్‌బిండర్‌కు బెర్లిన్ ఫిల్మ్ స్కూల్ సీటే ఇవ్వలేదు కదా అని మీవాడు అడ్డు తగలవచ్చు. నిజమే. కానీ ఆయన అప్పటికే మ్యూనిక్‌లో నటన నేర్చుకున్నారు, వెంటనే నాటక బృందంలో చేరి పనిలో పడ్డారు.

మరో సంగతి కూడా చెప్పండి. వెండర్స్ డిప్లొమా చిత్రం 'సమ్మర్ ఇన్ ద సిటీ'లో బ్రిటన్ రాక్ బృందం కింక్స్ పాటలు వాడుకున్నారు. హక్కులు తీసుకోలేదు. దాంతో ఆ సినిమా వాణిజ్యపరంగా విడుదల కాలేదు. ఆ తరువాత చాలా ఏళ్లకు తన సొంత సినిమాల హక్కులే చేజారిపోతే, 2012లో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఫౌండేషన్ పెట్టి వాటిని ఒకచోట చేర్చాల్సి వచ్చింది. కాగితాల పని తెలియని దర్శకుడి తిప్పలు ఇలా ఉంటాయి. సినిమా అంటే కెమెరా ఒక్కటే అనుకునే పిల్లలకు ఇది నేను పదే పదే చెబుతుంటాను.

ఇక మీ ఇంటి సంగతి. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ స్కూల్ ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ సంస్థ దర్శకత్వంలో మూడేళ్ల కోర్సు నడుపుతాయి. ఏదైనా డిగ్రీ ఉంటేనే ప్రవేశం. ఎంబీబీఎస్ కూడా డిగ్రీయే. ఇప్పుడు మానేస్తే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ మాత్రమే చేతిలో ఉంటుంది, ఆ తలుపులు మూసుకుంటాయి. పైగా సీటు మధ్యలో వదిలితే కట్టాల్సిన బాండు సొమ్ము ఎంతో మీ కాలేజీ ప్రవేశ నిబంధనల్లో ముందే చూసుకోండి. మ్యూనిక్ మీద మనసుంటే జర్మన్ భాష ఈ సెలవుల్లోనే మొదలుపెట్టమనండి, అక్కడ బోధన జర్మన్‌లోనే.

అతన్ని ఆపమని నేను చెప్పను. వైద్యవిద్య అంటే ఇష్టం లేదా, లేక అనాటమీ పరీక్ష తప్పాడా? ఇది మీరు కోపం లేకుండా అడిగి తెలుసుకోవాలి. ఈ రెండింటికీ నా సలహా వేరువేరుగా ఉంటుంది. ఈలోగా పది సినిమాలు చూసి, ఒక్కోదాని మీద రెండేసి పేజీలు రాయమనండి. ఫోనుతోనే ఐదు నిమిషాల చిత్రం ఒకటి తీయమనండి. ఆ పేజీలు, ఆ చిత్రం పట్టుకుని ఇద్దరూ కలిసి రండి.