మా అబ్బాయి గేమ్‌లోని యుద్ధాలను బొమ్మలుగా గీస్తున్నాడు, మాన్పించాలా?

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో మలీనియా అనే వీరనారికి, రాడాన్ అనే వీరుడికి జరిగే యుద్ధాన్ని వారాల తరబడి ట్యాబ్‌లో గీశాడు. ఎవరో తప్పులు పట్టారని తిండి కూడా సరిగ్గా తినడం లేదు. దీనితో బతుకుతెరువు ఉంటుందా? బొమ్మ జతచేశాను. – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మాన్పించకండి. బొమ్మ చాలాసేపు చూశాను. రాడాన్ కింద ఆ బక్కగుర్రాన్ని ఎంత ప్రేమగా వేశాడో! దాన్ని వదులుకోలేకే, తన బరువు దానిమీద పడకుండా రాడాన్ గురుత్వాకర్షణ విద్య నేర్చాడని గేమ్ కథ. అది తెలిసి గీసిన గుర్రం అది.

ఇక లోపాలు. ఇద్దరిదీ ఎర్రజుట్టు, వెనక ఆకాశమూ ఎరుపే. బొమ్మను ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చమనండి, మనుషులు ఆకాశంలో కలిసిపోవడం వాడికే కనిపిస్తుంది. రాడాన్ కొండంత మనిషి, మలీనియా సన్నగా ఉంటుంది. ఇద్దరినీ ఒకే ఎత్తులో వేసేసరికి ఆమె తెగింపు తెలియడం లేదు. పైగా కత్తులు తగిలే క్షణం, మలీనియా ఒంట్లోని కుళ్లు రోగం పువ్వులా విచ్చుకునే క్షణం రెండూ ఒకే బొమ్మలో ఇరికించాడు. కథలో ఆ పువ్వు విచ్చుకునేది చివర్లో. దాంతో యుద్ధం జరిగిన కేలిడ్ అనే ప్రాంతం నేలంతా పాడవుతుంది, ఇద్దరిలో ఎవరూ గెలవరు. రెండింట్లో ఒక్క క్షణమే ఎంచుకోవాలి.

ఇవన్నీ దిద్దుకోదగ్గవే. మళ్లీ గీస్తాడా లేదా అన్నదే నేను చూస్తాను. గేమ్‌లు తయారుచేసే స్టూడియోలో ఆర్ట్ డైరెక్టర్ బొమ్మ వెనక్కి పంపడం రోజూ జరిగేదే, అక్కడ నిలబడేది రెండోసారి ఓపిగ్గా కూర్చునేవాళ్లే. ఇతరులు గీసిన బొమ్మల మీద కూడా వాడిచేత రాయించండి. ‘బాగుంది’, ‘బాలేదు’ అని కాకుండా చూపు ముందు ఎక్కడికి పోతోంది, ఎందుకు అని రాయాలి. అలా రాసేకొద్దీ తన బొమ్మలో తప్పులు తనకే దొరుకుతాయి.

పనితనం చూపే బొమ్మల సంపుటిలో (పోర్ట్‌ఫోలియో) ఇలా ఇతరుల పాత్రలతో గీసిన ఫ్యాన్ ఆర్ట్ ఒకటి రెండు చాలు, మిగతావి సొంతవి కావాలి. మీ ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు స్కెచ్‌బుక్‌తో పంపండి. బరువు, బలం, జనం కేకలు, రాడాన్‌కు కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. ఆ గేమ్ పాత్రల హక్కులు కంపెనీవి కాబట్టి అనుమతి లేకుండా ప్రింట్లు వేసి అమ్మకూడదు.

చదువు విషయానికొస్తే, ఐఐటీ బాంబే నిర్వహించే డిజైన్ ప్రవేశపరీక్ష యూసీడ్‌ను ఇంటర్ ఏ గ్రూప్ వాళ్లయినా రాయొచ్చు. బొమ్మ గీసే ప్రశ్న అందులోనే ఉంటుంది. ఆ ర్యాంకుతో ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) సీటు రావచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో చేరడానికి డ్యాట్ అనే వేరే పరీక్ష, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎన్‌ఐడీ ఉంది. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. లక్షలు కట్టించుకునే ప్రైవేటు కోర్సుల జోలికి వెళ్లేముందు అక్కడ చదివినవాళ్ల బొమ్మలు చూపించమని అడగండి.

ఒక మాట దాచను. ఊహాచిత్రాలు గీసే ఉద్యోగాలు తక్కువ, త్రీడీ మోడలింగ్‌లో ఎక్కువ. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, పబ్లిక్ పరీక్షలయ్యాక మొదలుపెట్టమనండి. ఈలోగా రెండోసారి గీసిన బొమ్మ నాకు పంపండి, మొదటిదాని పక్కన పెట్టి చూసి రాస్తాను.