కట్టుడు పళ్ళకు కోటింగ్ వేయించాలా?

మీ నాన్నగారి కొత్త పళ్ళసెట్టుకు కోటింగ్ వేస్తే వాసన రాదు, మరక పట్టదు, ఎక్కువకాలం మన్నుతుంది అని క్లినిక్‌లో చెప్పారు, ఆ డబ్బు దండగేనా అని కదా అడిగారు. డెంటల్ ల్యాబ్‌లో సెట్లు చేసే పని నాది. నాకు తెలిసింది చెబుతాను.

ముందు డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: కోటింగ్ బయటివైపుకా, లోపలివైపుకా?

చిగురు రంగులో కనిపించేది అక్రిలిక్ అనే ప్లాస్టిక్. బయటివైపు మేం ప్యూమిస్ (నున్నగా అరగదీసే రాతిపొడి) పట్టించి, బఫ్ కొట్టి నిగనిగలాడేలా చేస్తాం. అంగిలికి ఆనుకునే లోపలివైపు మాత్రం పాలిష్ పట్టం, అరిగితే నోట్లో పట్టు పోతుంది. అందుకే అది గరుకుగానే ఉంటుంది. కాండిడా అనే ఫంగస్ చేరేది ఎక్కువగా అక్కడే. గరుకుతనం 0.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే క్రిములు బాగా పట్టుకుంటాయని దంతవైద్యంలో ఒక లెక్క ఉంది. రాత్రి కూడా సెట్టు తీయని పెద్దవాళ్ళకు అంగిలి ఎర్రగా కందడానికి చాలాసార్లు ఈ ఫంగసే కారణం.

కోటింగ్ అంటే మాయేం లేదు, పలచని రెజిన్, అంటే ద్రవంగా ఉండే ప్లాస్టిక్ లాంటిది. బ్రష్షుతో పూసి లైటు పెట్టెలో పెడితే గట్టిపడుతుంది. సన్న గుంతలు పూడి నున్నగా అవుతుంది, టీ మరకలూ గారా త్వరగా పట్టవు. త్రీడీ ప్రింటర్‌లో చేసిన సెట్టయితే పొరల గీతలు ఉంటాయి కాబట్టి వేయించడమే మంచిది. మామూలు సెట్టుకు, అదీ పాలిష్ బాగా వచ్చిన బయటివైపుకే అంటే, నేనైతే డబ్బు పెట్టను. లోపలివైపుకు అంటే ఆలోచించవచ్చు, కానీ పూత మందమైతే సెట్టు కూర్చోదు. చేసేవాళ్ళ చెయ్యి బాగుండాలి.

పగలదు అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. కడిగేటప్పుడు సింకులో జారిపడి సెట్లు పగులుతుంటాయి. కింద నీళ్ళ టబ్బు పెట్టుకుని కడిగితే ఆ బాధ లేదు.

ఏ పూతయినా తోమేకొద్దీ అరుగుతుంది. పళ్ళపొడి, కచ్చిక, ఉప్పు పెట్టి రుద్దితే ఇంకా త్వరగా పోతుంది (మా దగ్గరికి రిపేరుకొచ్చే సెట్ల మీద గీతలు చూస్తే ఎవరు దేనితో తోముతున్నారో తెలిసిపోతుంది). మెత్తటి బ్రష్షు, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ చాలు, నోట్లో పెట్టుకునే ముందు బాగా కడగాలి. మరిగే నీళ్ళు పోస్తే వంకర పోతుంది. రాత్రి తీసి మామూలు నీళ్ళలో ఉంచమనండి.

ఇప్పటికే అంగిలి ఎర్రగా ఉంటే కోటింగ్ సంగతి పక్కనపెట్టి ముందు దానికి మందు వాడించండి.