మూడు బ్లాకులు, మూడు గీతలు: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం, పద్మపురం, రామనగూడ బ్లాకుల పత్తి రైతుల ఎరువు, దిగుబడి లెక్కలన్నీ ఒకే స్కాటర్ చార్టులో (రైతుకో చుక్క పెట్టే పటంలో) పెట్టి, బ్లాకుకో గీత గీయాలనుకుంటున్నావు. ఎక్సెల్‌లో గీత గీయడం చిటికెలో పని. శ్రమంతా షీటు సరిచేయడంలోనే ఉంది.

ముందు కొలతలు చూసుకో. సర్కారు కాగితాల్లో దిగుబడి హెక్టారుకు ఉంటుంది, మన రైతులు ఎకరానికి చెబుతారు. హెక్టారంటే 2.471 ఎకరాలు. ఎరువు ఎకరానికి, దిగుబడి హెక్టారుకు పెట్టావంటే గీత వాలు (కిలో ఎరువుకు దిగుబడి ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) 2.471 రెట్లు పెరిగిపోతుంది. ఆర్-స్క్వేర్ (చుక్కలు గీతకు ఎంత దగ్గరో చెప్పే అంకె) మాత్రం చెక్కుచెదరదు కాబట్టి దాన్ని చూసి తప్పు పట్టుకోలేవు. ఎరువును బస్తాల్లోనూ ఉంచకు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకు 20.7 కిలోలు. డీఏపీ వేసినవాళ్లకు 50 కిలోల బస్తాకు మరో 9 కిలోలు కలుపు.

గడిలో 40 అని మాత్రమే కొట్టు, పక్కన ‘కిలోలు’ అని రాయకు. ఎక్స్ విలువల్లో, అంటే నత్రజని వరసలో, ఒక్క గడిలో అక్షరాలు పడినా ఎక్సెల్ నీ అంకెలన్నీ వదిలేసి 1, 2, 3 అని తనే వేసుకుంటుంది. స్కాటర్‌కు బదులు లైన్ చార్టు ఎంచుకున్నా ఇదే గతి. గీత చక్కగా వస్తుంది, సమీకరణమూ వస్తుంది, రెండూ తప్పే. అడుగున అక్షం మీద నత్రజని కిలోలు కనబడుతున్నాయా, వరుస సంఖ్యలా అన్నది చూడు.

మొదటి నిలువు వరసలో నత్రజని, తర్వాతి మూడింటిలో మూడు బ్లాకుల దిగుబడి పెట్టు. రైతుకో అడ్డు వరస. దిగుబడి అతని బ్లాకు కిందే పడాలి, మిగతా రెండు గడులు నిజంగా ఖాళీగా ఉండాలి. అక్కడ సున్నా వేసినా, పైకి ఖాళీగా కనిపించే ఫార్ములా ఉంచినా చుక్కలు అడుగుకు పడి గీతను కిందికి లాగేస్తాయి. ఐదో నిలువు వరసలో అందరి దిగుబడీ మళ్లీ పెట్టి, దాని చుక్కలు దాచేసి, మూడు బ్లాకుల ఉమ్మడి గీతకు వాడుకో.

ఇక ఒక్కో బ్లాకు చుక్క మీద కుడి క్లిక్ చేసి ట్రెండ్‌లైన్ కలుపు. లీనియర్, సమీకరణం, ఆర్-స్క్వేర్ ఎంచుకో. ‘సెట్ ఇంటర్‌సెప్ట్’ ముట్టుకోకు. గీతను బలవంతంగా సున్నా గుండా పంపితే ఆర్-స్క్వేర్ లెక్కే వేరు. మామూలుగా పెద్దదిగా కనిపించి మోసం చేస్తుంది. గీతను చుక్కల అవతలికి పొడిగించకు. లేబుల్‌లో నాలుగు దశాంశాలు ఉంచు: దిగుబడి క్వింటాళ్లలో ఉండి, వాలు 0.0426 ఉన్నచోట 0.04 అని కనబడితే, 50 కిలోల నత్రజని దగ్గర 13 కిలోల పత్తి లెక్కలో పోతుంది.

ఆర్-స్క్వేర్ ఒక్కటే రాసి ఊరుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో అది చెబుతుంది గానీ, రెండు బ్లాకుల వాలులు నిజంగా వేరో కాదో చెప్పదు. దానికి ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్, అంటే వాలు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) కావాలి. ఎక్సెల్‌లోని లైనెస్ట్ (LINEST) ఫంక్షన్‌కు వై (దిగుబడి), ఎక్స్ (నత్రజని) ఇచ్చి, చివరి రెండు చోట్లా 1 వేస్తే ఐదు అడ్డు వరసలు, రెండు నిలువు వరసల పట్టిక వస్తుంది. మొదటి వరసలో వాలు, అంతరఖండం (నత్రజని సున్నా దగ్గర గీత ఎత్తు), రెండోదాంట్లో వాటి ప్రామాణిక దోషాలు, మూడోదాంట్లో ఆర్-స్క్వేర్. మధ్యలో ఖాళీ గడులుంటే ఇది ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి ముందే బ్లాకువారీగా సార్ట్ చేసుకో.

గుణుపురం వాలు 0.043, దోషం 0.012; పద్మపురం వాలు 0.019, దోషం 0.010 అనుకో. తేడా 0.024. దోషాల వర్గాలు కూడి మూలం తీస్తే 0.0156. భాగిస్తే 1.54. బ్లాకుకు ఇరవై మంది రైతులుంటే, తేడా నిజమనడానికి ఇది సుమారు 2 దాటాలి, దాటలేదు. కంటికి గీతలు ఎంత వేరుగా కనిపించినా, ఆ రెండు బ్లాకుల్లో ఎరువు పనితనం వేరని నివేదికలో రాయకు.

ఉమ్మడి గీతతో ఇంకా జాగ్రత్త. నీళ్లున్న బ్లాకులో ఎరువూ ఎక్కువ, దిగుబడీ ఎక్కువ అయితే, ఏ బ్లాకులోనూ లేని వాలు ఉమ్మడి గీతలో పుడుతుంది. ఒక్కోసారి తలకిందులే అవుతుంది. అందుకే దాన్ని సన్నని నల్ల గీతగా వెనక ఉంచు, దాని సమీకరణం చార్టు మీద వేయకు.

రైతులు నిండు బస్తాల్లోనే వేస్తారు కాబట్టి చుక్కలు ఒకదానిమీద ఒకటి పడతాయి. లోపల రంగు లేని గుండ్రాలు పెట్టు. నివేదికను జిరాక్సు తీస్తే రంగులు పోతాయి, ఒక గీత నిండుగా, ఒకటి తెగిన గీతగా, ఒకటి చుక్కలుగా ఉంచు. బ్లాకు పేరు, రైతుల సంఖ్య, వాలు, దాని దోషం, ఆర్-స్క్వేర్ ఈ వరసలోనే గీత చివర రాయి. రైతుల సంఖ్య పదికి లోపున్న బ్లాకుకు గీత వద్దు, చుక్కలు చాలు.

ఇట్లు,
మామయ్య