అమెరికన్ గాయని, పాటల రచయిత్రి డాలీ పార్టన్‌కు ముందు దారి తెరిచింది గొంతా, పాటల రచనా?

పాటల రచనే. ఎనిమిదేళ్లకే మేనమామ గిటార్ కొనిచ్చినా, పదేళ్లకే నాక్స్‌విల్ ప్రసారాల్లో పాడినా, 1964లో కంట్రీ (అమెరికా గ్రామీణ జానపద శైలి) సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ చేరాక రికార్డు కంపెనీ ఆ సన్నని గొంతు కంట్రీకి పనికిరాదని పాప్ పాటలు పాడించింది. అవి పెద్దగా ఆడలేదు. 1966లో ఆమె, మేనమామ బిల్ ఓవెన్స్ కలిసి రాసిన పాటను బిల్ ఫిలిప్స్ పాడితే కంట్రీ చార్టులో 6వ స్థానానికి వెళ్లింది. అప్పుడు గానీ కంపెనీ ఆమెను కంట్రీ పాడనివ్వలేదు.

పాడినవారి రాయల్టీ (పాట ఆదాయంలో వాటా) వేరు, రాసినవారిది వేరు. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అమెరికన్ గాయని విట్నీ హ్యూస్టన్ సొంత పాటని చాలామంది అనుకుంటారు. రాసిందీ, 1974లో మొదట విడుదల చేసిందీ డాలీయే. ఆ పాటను గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడాలంటే ప్రచురణ హక్కుల్లో (పాటపై యాజమాన్య హక్కుల్లో) సగం కావాలని ఆయన మేనేజర్ అడిగితే డాలీ ఇవ్వనన్నారు, ఎంతో ధైర్యమైన నిర్ణయమది. అందుకే 1992లో విట్నీ పాడినప్పుడు రచయిత రాయల్టీతో పాటు ప్రచురణ వాటా కూడా చేజారలేదు.